బొచ్చు పాచికల పని

ఈ మధ్యాహ్నమంతా బొచ్చు పాచికలు, అంటే కార్లో అలంకారంగా వేలాడదీసే బొచ్చు గుడ్డ పాచికల జత, కుట్టడంతోనే గడిచింది. 1950ల్లో పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించి పందేలకు దిగిన అమెరికా హాట్‌రాడ్ కుర్రాళ్ళు వాటిని డ్రైవరు వెనక్కి చూసే అద్దానికి వేలాడదీసుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లు ఏడు చుక్కలు కనబడేలా పాచికలు దగ్గర పెట్టుకునేవారనీ, అలవాటు అక్కణ్ణుంచే వచ్చిందనీ చెప్పుకుంటారు. ఏడంటే అదృష్టమని. కానీ క్రాప్స్ అనే రెండు పాచికల జూదంలో మొదటి విసురుకు పడిన ఏడే గెలిపిస్తుంది. పాయింటు, అంటే గెలవడానికి మళ్ళీ పడాల్సిన అంకె, కుదిరాక అదే ఏడు పడితే పందెం గోవిందా! రోడ్డు పందేలకు ఇంతకన్నా సరిపోయే గుర్తు ఇంకొకటి లేదు.

పాచిక కొలత 7.5 సెం.మీ. కుట్టుకు చుట్టూ 6 మి.మీ. వదలాలి కాబట్టి ముక్క 8.7 సెం.మీ., జతకు పన్నెండు ముక్కలు. బొచ్చు గుడ్డను వెనకవైపు నుంచి బ్లేడు మొనతో కొయ్యాలి. కత్తెరతో కోస్తే బొచ్చు కూడా తెగి, అంచులు బోడిగా కనిపిస్తాయి. చుక్కలు ఫెల్ట్‌వి, 1.5 సెం.మీ. వెడల్పు, రెంటికీ కలిపి 42. ముక్కలు కలపకముందే, కింద బొచ్చు కత్తిరించి కుట్టెయ్యాలి. గ్లూ గన్‌తో అంటిస్తే ఎండలో ఆపిన కారు వేడికి జిగురు మెత్తబడి చుక్కలు జారతాయి.

వరసగా 1, 2, 6, 5 కుట్టి, 2కి అటూ ఇటూ 3, 4 పెడితే ఎదురెదురు ముఖాల మొత్తం ఏడు. లెక్క చూడకుండా 1, 2, 3, 4 అని కుట్టుకుపోతే 1కి ఎదురుగా 3 వచ్చి కూర్చుంటుంది, విప్పక తప్పదు.

లోపల దూది కూరితే పాచిక బంతిలా ఉబ్బుతుంది. 8 సెం.మీ. ఫోమ్ దిమ్మెను నొక్కి దూర్చితే గుడ్డ బిగువుగా నిలుస్తుంది, బరువూ ఉండదు. తాడును ఫోమ్‌లోంచి గుచ్చి, అడుగున గుండీకి కట్టాలి. గుడ్డకే కడితే ఆ మూల సాగిపోతుంది.

అసలు చిక్కు వేలాడదీయడంలో ఉంది. కంటికి 60 సెం.మీ. దూరంలో ఒక్క పాచికే ఉంటే రెండు కళ్ళూ దాని పక్కల నుంచి చూసేస్తాయి. 20 మీటర్ల దూరాన మరుగయ్యేది సుమారు 40 సెం.మీ. మాత్రమే. రెండూ ఆనుకుని పక్కపక్కన వేలాడితే అది దాదాపు 3 మీటర్లు. మోటార్ సైకిలు మనిషితో సహా మాయం! ఒక తాడు పొట్టిగా, ఒకటి పొడుగ్గా ఉంచి ఒకదాని కింద ఒకటి పడేలా కడితే కొంత మేలు. కాలిఫోర్నియా వాహన చట్టం 26708వ సెక్షన్ డ్రైవరు చూపుకు అడ్డొచ్చేలా వస్తువులు వేలాడదీయడాన్ని నిషేధిస్తుంది.

తాడు చివర ముడి కన్నా చిన్న కొక్కెం నయం: కార్ల షోలో తగిలించుకుని, ఇంజన్ స్టార్ట్ చేసేముందు తీసి వెనక సీట్లో పడేయొచ్చు.