ద్వారమునొద్ద నిలిచేవారు

"నీ ఆవరణములో ఒక దినము గడుపుట వెయ్యి దినములకంటె శ్రేష్ఠము. భక్తిహీనుల గుడారములలో నివసించుటకంటె నా దేవుని మందిర ద్వారమునొద్ద నుండుట నాకిష్టము." (కీర్తన 84:10)

ఆదివారం ఆరాధనకు వెళ్ళాలనే తపనను చెప్పడానికి మనం ఈ వచనాన్ని తరచుగా ఎత్తుకుంటాం. అయితే కీర్తన పైన ఉన్న శీర్షికను దాటేసి చదవడం వల్ల ఇందులోని బరువు సగం జారిపోతున్నదని నా అభిప్రాయం. ఇది కోరహు కుమారుల కీర్తన. దినవృత్తాంతముల మొదటి గ్రంథం తొమ్మిదవ అధ్యాయం ప్రకారం కోరహు సంతతివారు గుడారపు గడపలకు కావలివారు. వారు రాత్రివేళ మందిరం చుట్టూ బస చేసేవారు, ప్రతి ఉదయం తలుపులు తెరిచే బాధ్యత కూడా వారిదే. కాబట్టి "ద్వారమునొద్ద నుండుట నాకిష్టము" అన్నది ఆ పనిని రోజూ చేస్తున్న వంశం పాడిన మాట.

ఆ వంశకర్త కథ మనకు తెలిసినదే. సంఖ్యాకాండము పదహారవ అధ్యాయంలో కోరహు, సమాజమంతా పరిశుద్ధమైనదే కదా, మీరెందుకు మామీద హెచ్చించుకుంటున్నారని మోషే అహరోనుల మీదికి వచ్చాడు. మందిరసేవ చేయడానికి దేవుడు మిమ్మల్ని దగ్గరకు తీసుకోవడం మీకు అల్పంగా కనబడుతున్నదా, యాజకత్వం కూడా కావాలా అని మోషే తిరిగి అడిగాడు. నేల నోరు తెరిచింది. కానీ అదే గ్రంథం ఇరవయ్యారవ అధ్యాయంలో, జనసంఖ్య లెక్కల మధ్య, కోరహు కుమారులు చావలేదని ఒక చిన్న వాక్యం కనిపిస్తుంది. తండ్రికి అల్పంగా తోచిన పనినే తరాల తరువాత వారి సంతతి ఇష్టంగా కోరుకున్నది. సంఘంలో పాస్టరు అయ్యగారి సేవను, మిగతా సిబ్బంది సేవను పక్కపక్కన పెట్టి ఆలోచించడానికి ఇంతకంటె తగిన వాక్యభాగం నాకు కనబడలేదు.

అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘాలలో ఈ ఆలోచనకు ఒక క్రమమే ఉన్నది. ఆ సంఘం ఇంగ్లండు సంఘం నుండి పుట్టిన ఆంగ్లికన్ కుటుంబంలోనిది. 1912లో వి. ఎస్. అజరయ్య గారిని దోర్నకల్‌కు మొదటి బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకించినదీ, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.లో) కలిసినదీ ఆ కుటుంబపు శాఖే గనుక, మన సి.ఎస్.ఐ. పాస్టరేట్లలో పెరిగి అక్కడికి వెళ్ళినవారికి ఆ ఆరాధన పరాయిదిగా అనిపించదు. ఒక్క విషయం మాత్రం వింతగా తోస్తుంది. మన దగ్గర అయ్యగారిని అధ్యక్ష ఖండం బదిలీ చేస్తుంది. అక్కడి స్థానిక సంఘమైన పారిష్‌లో సభ్యులు ఎన్నుకున్న వెస్ట్రీ అనే పాలక కమిటీ తమ రెక్టరును, అంటే సంఘ గురువును, తామే పిలుచుకుంటుంది, బిషప్పు ఆ పిలుపును పరిశీలించి సమ్మతిస్తారు.

కొత్త రెక్టరు బాధ్యత స్వీకరించే రోజున జరిగే ఆరాధన 1979 నాటి వారి ప్రార్థన పుస్తకంలో ఉన్నది. సంఘ ప్రతినిధులు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి బైబిలు, బాప్తిస్మానికి నీళ్ళు, గురువు మెడలో వేసుకునే స్టోల్ అనే పట్టీ, ప్రార్థన పుస్తకం, నూనె, రొట్టె, ద్రాక్షారసం వంటివి చేతికిస్తారు. వాటి మధ్యలో వెస్ట్రీ పెద్దలైన వార్డెన్లు గుడి తాళపు చెవులు తెచ్చి, వీటిని తీసుకొని ఈ స్థలపు తలుపులు అందరికీ తెరిచి ఉండేలా చూడండి అని చెబుతారు. అటుతరువాత రెక్టరు అందరి ముందూ మోకరించి, ప్రభువా, నా యింటి కప్పు క్రిందికి నీవు రావడానికి నేను తగను, అయినా నీ మందిరంలో నిలిచి నీ బల్ల యొద్ద సేవ చేయడానికి నీవే పిలిచావని ప్రార్థిస్తారు. బలిపీఠం దగ్గరి సేవకుడికి కూడా తాళపుచెవి ఇచ్చి ద్వారం బాధ్యత అప్పగించడం ఆ క్రమం కూర్చినవారి వివేకం.

ఆచరణలో ఆ తాళాలు ఉండేది సెక్స్టన్ నడుముకు. గుడిని, ఆవరణను కనిపెట్టుకొని ఉండే ఉద్యోగిని అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. మంచు పడిన తెల్లవారుజామున అందరికంటె ముందు వచ్చి మెట్లమీది మంచు ఎత్తిపోసి, ఎవరూ జారిపడకుండా ఉప్పు చల్లి, బాయిలరు పనిచేస్తున్నదో లేదో చూసి తలుపు తీసేది ఆయన. ఆఫీసులో పారిష్ సెక్రటరీ ఉంటారు. బాప్తిస్మాలు, వివాహాలు, సమాధి కార్యక్రమాలు రిజిస్టరులో ఎక్కేది, వారం వారం ఆరాధన క్రమపత్రం అచ్చయ్యేది ఆమె బల్ల మీదనే. ఇంట్లో మరణం జరిగినవారు ఫోను చేసినప్పుడు అనేకసార్లు మొదట ఎత్తేది కూడా ఆమెయే. పాస్టరమ్మ గాని, రెక్టరు గాని ఆదరణ వాక్యం చెప్పడానికి ముందే, ఆ ఏడుపును విన్న మనిషి ఒకరున్నారన్న మాట. ఆర్గనిస్టు గురించి వేరే చెప్పనక్కరలేదు, ఆయన పని అందరికీ వినబడుతూనే ఉంటుంది.

వినబడని పని, బలిపీఠపు పాత్రలనూ బట్టలనూ చూసుకునే ఆల్టర్ గిల్డ్ వారిది. వీరిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. ప్రభురాత్రి భోజన సంస్కారం ముగిశాక పాత్ర అంచు తుడిచిన తెల్లని నారబట్టలకు ద్రాక్షారసం మరకలు, పెదవుల రంగు అంటి ఉంటాయి. వాటిని మొదట జాడించిన నీళ్ళను మామూలు తూములో పోయరు. అనేక గుళ్ళలో ఇందుకోసమే ఒక చిన్న తొట్టి ఉంటుంది, దాని గొట్టం మురుగు కాలువలో కలవకుండా నేరుగా నేలలోకి దిగుతుంది. అది లేని చోట మొక్కల మొదట్లో మట్టిలో పోస్తారు. తరువాత బట్టలను ఉతికి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేసి, మడత పెట్టి, వచ్చే ఆదివారానికి సొరుగులో ఉంచుతారు. దినవృత్తాంతములలో కోరహీయుడైన షల్లూము పెద్దకొడుకు మత్తిత్యాకు పెనం మీద కాల్చే పదార్థాల బాధ్యత ఉండెనని వ్రాసిన రచయిత, ఈ నారబట్టల సంగతి తెలిస్తే తప్పకుండా పేర్లతో సహా వ్రాసి ఉండేవాడు. ఆ అధ్యాయంలో కావలివారి లెక్క కూడా ఉన్నది, 212 మంది.

తలుపులు నిజంగా అందరికీ తెరిస్తే ఏమవుతుందో న్యూయార్కులోని సెయింట్ పాల్స్ చాపెల్ చూపించింది. 1766లో కట్టిన ఈ చాపెల్ ట్రినిటీ అనే ఎపిస్కోపల్ పారిష్‌కు చెందినది. 1789 ఏప్రిల్ 30న జార్జి వాషింగ్టన్ అధ్యక్ష పదవి ప్రమాణం చేసిన రోజున ఆరాధించినది ఇక్కడే, ఆయన కూర్చున్న స్థలాన్ని ఎంతో భద్రంగా కాపాడుతూ వచ్చారు. 2001 సెప్టెంబరు 11న ఎదురుగానే ఉన్న ప్రపంచ వాణిజ్య కేంద్రం కూలిపోయింది. ఆ తరువాత నెలల తరబడి, శిథిలాలు తొలగించే కార్మికులకూ అగ్నిమాపక సిబ్బందికీ ఆ చాపెల్ రాత్రింబవళ్ళు భోజనశాలగా, పడకగదిగా నిలిచింది. వారు బూట్లతోనే బెంచీల మీద పడుకున్నారు, రంగు గీసుకుపోయింది. వాషింగ్టన్ కూర్చున్న ఆ స్థలంలో పాదాల వైద్యులు కూర్చొని పుండ్లు పడిన కాళ్ళకు చికిత్స చేశారు. శుభ శుక్రవారానికి ముందురోజైన పవిత్ర గురువారం నాడు పాదాలు కడిగే ఆరాధన ఏటా ఒకసారి జరుగుతుంది. అక్కడ అది ప్రతి షిఫ్టుకూ జరిగింది. దానిని నడిపినవారిలో గురువులు, సిబ్బంది, ఊరూ పేరూ అడగకుండా వచ్చిన స్వచ్ఛంద సేవకులు కలిసిపోయి ఉన్నారు.

ఎపిస్కోపల్ ప్రార్థన పుస్తకంలోని ఉపదేశ ప్రశ్నోత్తరాలు సంఘ సేవకులు ఎవరని అడిగి, సామాన్య విశ్వాసులు, బిషప్పులు, ప్రీస్టులు, డీకన్లు అని జవాబు చెబుతాయి. సామాన్య విశ్వాసిని ముందు పెట్టడం కోరహు అడిగిన ప్రశ్నకు ఒక విధమైన జవాబే. సమాజమంతా పరిశుద్ధమైనదన్న మాట వరకు అతడు తప్పు చెప్పలేదు. తన చేతిలో ఉన్న సేవను చిన్నచూపు చూసి పక్కవాని సేవకు చేయి చాపడంలో తప్పిపోయాడు.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పాలి. పని పవిత్రమైనదని పాడుతూ, ఆ పవిత్రతను జీతంలో కోత పెట్టడానికి వాడుకోవడం సంఘాలకు పాత అలవాటు. నెహెమ్యా పదమూడవ అధ్యాయంలో ఇదే జరిగింది. రావలసిన పాళ్ళు అందకపోయేసరికి లేవీయులూ గాయకులూ తమ తమ పొలాలకు వెళ్ళిపోయారు. నెహెమ్యా వారి భక్తి చల్లారిందని వారిని నిందించలేదు, దేవుని మందిరం ఎందుకు విడిచిపెట్టబడిందని అధికారులను నిలదీశాడు. ఎపిస్కోపల్ సంఘం తన గురువుల కోసం పెన్షన్ నిధిని 1917లోనే ప్రారంభించింది. అభిషేకం లేని ఉద్యోగులకు కూడా పెన్షన్ తప్పనిసరి అని దాని మహాసభ తీర్మానించింది 2009లో. నడుమ 92 ఏళ్ళు గడిచాయి. ఆలస్యమైనా నిర్ణయం జరిగింది గనుక దానిని మెచ్చుకోవాలి. మన పాస్టరేట్లలో గంట కొట్టే పెద్దాయనకు, వాచ్‌మన్‌కు, సండేస్కూలు గదులు ఊడ్చే అమ్మకు క్రిస్మస్ బట్టలు తప్ప మరేం దక్కుతున్నదో లెక్క చూసుకుంటే మనకు మెచ్చుకోలు దక్కడం కష్టం.

నెహెమ్యా నిలదీసి ఊరుకోలేదు. యాజకుడైన షెలెమ్యాను, శాస్త్రియైన సాదోకును, లేవీయుడైన పెదాయాను కలిపి ఖజానా మీద నియమించాడు, తమ సహోదరులకు పాళ్ళు పంచడం వారి పని అయింది. బలిపీఠం దగ్గరివాడు, వ్రాతపని చేసేవాడు, మందిరసేవ చేసేవాడు ఒకే కమిటీలో కూర్చున్నారు. వచ్చే సంవత్సరపు బడ్జెట్ తయారుచేయడానికి కూర్చునే వెస్ట్రీ గాని, మన పాస్టరేట్ కమిటీ గాని ఆ సమావేశాన్ని ఏదో ఒక కీర్తనతో మొదలుపెడుతూనే ఉంటుంది. ఈసారి ఎనభైనాలుగవది చదివి, జీతాల పట్టికను అడుగు వరుస నుండి పైకి చూడమని మాత్రమే నా మనవి.