స్టేషన్ ఘన

2024 అక్టోబర్ 25, శుక్రవారం

పొద్దున తొమ్మిది కాకముందే ఎనుమాముల మార్కెట్ నుంచి ఫోను వచ్చింది. అక్కడి అడ్తి దుకాణం (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టేది) గుమాస్తా గారు. వాళ్ల రసీదులు అచ్చువేసే ప్రోగ్రామ్ రాసిచ్చింది నేనే. ఆయన గొంతులో ఎప్పుడూ కోపం ఉండదు, నాకు భయం వేసేది అందుకే. "అమ్మా, మీ మిషను బాగానే పనిచేస్తోంది. కానీ ఒక ఊరి పేరు సగమే రాస్తోంది. వీలున్నప్పుడు వచ్చి చూడండి" అన్నారు. వీలున్నప్పుడు అంటే ఇప్పుడే అని అర్థం. ఇడ్లీ సగంలో వదిలేసి బండి తీశాను.

పత్తి రోజులు. హన్మకొండ దాటి యార్డు దగ్గరికి వచ్చేసరికి ట్రాలీల వెనుక రోడ్డంతా దూది పింజలే. అద్దంలో చూసుకుంటే నా జుట్టులోనూ రెండున్నాయి.

గుమాస్తా గారు తక్‌పట్టీల, అంటే రైతుకిచ్చే లెక్క రసీదుల, కట్ట నా ముందు పెట్టారు. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, కింద హమాలీ, దడ్వాయి (తూకం వేసే మనిషి) కోతలు, చివర చేతికి వచ్చే మొత్తం. లెక్కల్లో తప్పేమీ లేదు. ఊరి గడిలో మాత్రం ఇలా ఉంది: "స్టేషన్ ఘన". అంతే. ఆ 'న' నెత్తిన నీలం బాల్‌పెన్నుతో ఒక పొల్లు, పక్కన చేతిరాతతో 'పూర్'. తర్వాతి కాగితం మీదా అంతే. కట్ట మొత్తం తిప్పాను. దసరా తర్వాత యార్డు తెరిచినప్పటి నుంచి, స్టేషన్ ఘన్‌పూర్ రైతు వచ్చిన ప్రతిసారీ, ఈ పెద్దాయన పెన్ను తీసి పొల్లు పెట్టి, పూర్ రాసి ఇస్తున్నారు. పొల్లు ఒక్కోచోట వంకరగా ఉంది, ఒక్కోచోట తీరుబడిగా, సుద్దబద్దతో నల్లబల్ల మీద గీసినట్టుంది.

"ముందే చెప్పాల్సిందండీ" అన్నాను.

"ఒక్క పొల్లే కదమ్మా. మిమ్మల్ని దానికోసం ఏం పిలుస్తాం?" అన్నారు. మరి ఇవాళ ఎందుకు పిలిచారంటే, ఒక రైతు కాగితం చూసుకుని "మా ఊరు ఇప్పటికి ఘనమైంది" అని నవ్వాడట. యజమాని విన్నాడట.

తప్పు పూర్తిగా నాది. ఊరి గడికి పది అక్షరాలు చాలు అనుకున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ తెలుగు కంటికి ఖాళీతో కలిపి ఎనిమిదే: స్టే, ష, న్, ఖాళీ, ఘ, న్, పూ, ర్. నేను ప్రోగ్రామ్ రాసిన పైథాన్ భాష కంటికి పదహారు. అది అక్షరాలను లెక్కపెట్టదు, అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే యూనికోడ్ జాబితాలో విడివిడిగా నంబరు వేసిన ముక్కలను లెక్కపెడుతుంది. 'స్టే' అంటే దానికి స, పొల్లు, ట, ఏత్వం: నాలుగు. అలా పదో ముక్క దగ్గర కత్తిరిస్తే సరిగ్గా 'ఘన' దగ్గర తెగుతుంది, పదకొండోది పొల్లు.

మరి పరీక్షించలేదా అంటే పరీక్షించాను. అదే నాకు కడుపు మంట. నర్సంపేట ఎనిమిది ముక్కలు, పర్వతగిరి తొమ్మిది, జమ్మికుంట తొమ్మిది. వర్ధన్నపేట, హుజూరాబాద్, మహబూబాబాద్, భూపాలపల్లి నాలుగూ సరిగ్గా పది! చుట్టుపక్కల ఊళ్లన్నీ కూడబలుక్కున్నట్టు పది దగ్గర ఆగిపోయి నన్ను మోసం చేశాయి. అక్షరం పొల్లుపోకుండా చూశానని ధైర్యంగా అమ్మిన ప్రోగ్రామ్‌లో పోయింది సరిగ్గా పొల్లే. అందులోనూ నకారపొల్లు, అంటే 'న్'. పాత పుస్తకాల్లో దానికి వేరే రూపం ఉండేది కదా, ఆ రూపానికి యూనికోడ్‌లో సొంత నంబరు దొరికింది 2021లో, పద్నాలుగో వెర్షన్‌లో. ఎన్ని తరాలు అచ్చులో వాడిన గుర్తు అది. జాబితాలోకి ఎక్కడానికి అంత కాలం పట్టింది.

ఆఫీసుకు వచ్చి, కొత్తగా చేరిన అబ్బాయికి సంగతి చెప్పాను. వాడు కంప్యూటర్‌లో వరంగల్ అని కొట్టి వెనక్కి తిప్పి చూశాడు. మొదట పట్టుకోడానికి ఏమీ లేక చుక్కల వలయం మీద వేలాడుతున్న పొల్లు, దాని వెనక లగంరవ. కాసేపు నవ్వుకున్నాం. తర్వాత అడిగాడు: "పైథాన్‌కు బ్యాటరీలతో సహా అన్నీ డబ్బాలోనే వస్తాయంటారు కదా మేడమ్. దాంతో వచ్చే రెడీమేడ్ పనిముట్ల పెట్టె, స్టాండర్డ్ లైబ్రరీ, అందులో ఈమెయిలు చదివేది ఉంది, జిప్ విప్పేది ఉంది, సగటు కట్టేది ఉంది. తెలుగు అక్షరాలు లెక్కపెట్టేది లేదా?"

లేదు. పోయిన వారమే వేసుకున్న కొత్త వెర్షన్ 3.13లోనూ లేదు. బయట దొరికే రీజెక్స్ అనే లైబ్రరీకి ఆ పని వచ్చు, డబ్బాలో వచ్చే 'రీ' అనే పనిముట్టుకి రాదు. నేను వాడికి నా 'చిల్లర' ఫైలు చూపించాను.

ఈ ఫైలు సంగతి ఎక్కడా రాసుకోలేదు ఇంతవరకు. పన్నెండేళ్లుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మోసుకొస్తున్నాను. ఏ పనికైనా మొదట చేసేది ఈ ఫైలును కొత్త ఫోల్డర్‌లోకి అతికించడం. స్టాండర్డ్ లైబ్రరీలో ఉండాల్సి ఉండీ లేకపోవడంతో నేనే రాసుకున్నవన్నీ ఇందులోనే. నాలాంటి ప్రతివాడి దగ్గరా ఇలాంటిదొకటి ఉంటుంది, పేరే వేరు. ఒకప్పుడు అందులో ముఖ్యమైనవి నాలుగు ఉండేవి. జాబితాలో పక్కపక్కన ఉన్నవాటిని జంటలుగా ఇచ్చేది ఒకటి. లేబుళ్ల కోసం మూడేసి చొప్పున విడగొట్టేది ఇంకొకటి. పేరు ముందు 'శ్రీ' తీసేసేది. అక్షరాలు లెక్కపెట్టేది.

జంటలది 2021లో 3.10తో పాటు డబ్బాలోకి వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి దాన్ని పైథాన్ వాళ్ల సొంత పుస్తకంలోనే 'రెసిపీ' అని అచ్చువేసేవారు. అంటే, రుచి తెలుసు, వంట మీరే చేసుకోండి అని. విడగొట్టేది 2023లో, 3.12తో వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నా ఫైలులో నాలుగైదు వరుసలు కొట్టేస్తాను. రాసిన రోజుకంటే కొట్టేసిన రోజే ఎక్కువ సంతోషం, ఎందుకో చెప్పలేను. ఇంట్లో పాత సామాను ఎవరైనా తీసుకెళ్తే ఉండే హాయి లాంటిది.

'శ్రీ' కథ వాడికి వివరంగా చెప్పాను, ఎందుకంటే అందులో నా పరువు పోయింది. కొత్తలో పేర్ల ముందు శ్రీ తీసేయడానికి పైథాన్‌లోని ఎల్‌స్ట్రిప్ అనే ఫంక్షన్ వాడాను. అది నువ్వు ఇచ్చిన మాటను మాటగా చూడదు, అందులోని ముక్కల్లో ఏది కనిపించినా ఎడమవైపు నుంచి చెక్కుకుంటూ పోతుంది. శ్రీ రాములు అనే పేరుకు శ, పొల్లు, ర, ఈత్వం, ఖాళీ చెక్కేసింది. అక్కడ ఆగిందా? రాములులోని 'ర' కూడా శ్రీలో ఉన్నదే కదా, దాన్నీ చెక్కింది. మిగిలింది "ాములు". మొండెం మీద దీర్ఘం. ఆ దీర్ఘంతో ఒక జాబితా మొత్తం అచ్చయింది. ఇది తెలుగువాళ్ల కష్టమే కాదు, ప్రపంచమంతా ఇదే గుంటలో పడుతోందని పెప్ 616 అనే ప్రతిపాదన వచ్చి, 2020 అక్టోబర్‌లో 3.9తో రిమూవ్‌ప్రిఫిక్స్ వచ్చింది. చేసేది ఇంతే: మొదట్లో ఆ మాట ఉంటే తీసేస్తుంది, లేకుంటే ముట్టుకోదు. ఇంత చిన్నదానికి ప్రతిపాదన ఎందుకు, చర్చ ఎందుకు అని ఆ అబ్బాయికి ఆశ్చర్యం. రెండు వరుసల్లో రాసుకోవచ్చు కదా అన్నాడు. రాసుకోవచ్చు. ఆ రెండు వరుసలూ తప్పు రాసినవాళ్లే ఎక్కువ, అదే దాని పక్షాన పెద్ద వాదన అని చెప్పాను.

నాలుగోది మాత్రం ఇంకా చిల్లరలోనే ఉంది. తమాషా ఏమిటంటే, అడ్తి దుకాణం ప్రోగ్రామ్ తొందరలో రాస్తూ దాన్ని వాడటం నేనే మరిచిపోయాను.

మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని మరమ్మతు చేశాం. అక్షరం మధ్యలో కత్తి పడకుండా చూసుకోవడానికి పన్నెండు వరుసలు. అంతటితో అయిపోదు. 'స్త్రీ'కీ 'ఠ'కీ ఒకే వెడల్పు ఉండదు కాబట్టి, గడిలో ఎన్ని అక్షరాలు పడతాయన్న లెక్కే అర్థం లేనిది. మూడంగుళాల కాగితం మీద తెలుగు ఎలాగూ బొమ్మగానే అచ్చవుతోంది, ఆ బొమ్మ వెడల్పు కొలిచి, పట్టకపోతే రెండో వరుసకు దింపాం. పదినాళ్ల క్రితమే చేయాల్సిన పని.

సరిచేసి నివేదిక తీస్తే రెండు ఘన్‌పూర్‌లు కనిపించాయి. ఒకటి 'ఘన్‌పూర్', ఇంకోటి 'ఘన్పూర్'. న్‌కీ పూకీ మధ్య కంటికి కనిపించని అడ్డుగోడ ముక్క ఒకటి ఉంటుంది, ఒత్తుగా అతుక్కోకుండా చూసేది. దుకాణంలో ఒకరు దాన్ని కొడుతున్నారు, ఇంకొకరు కొట్టడం లేదు. ఇన్నాళ్లూ రెండూ 'ఘన' దగ్గరే తెగిపోవడంతో ఆ తేడా బయటపడలేదు. నివేదికలో ఒకే పేరు రెండుసార్లు వస్తోందని మరి ఎవరూ అడగలేదా అంటే, ఒకటి పత్తిది, ఇంకోటి మిర్చిది అనుకున్నారట. ఆ ముక్కను తీసేసి పోల్చేది కూడా చిల్లర ఫైలులో చేర్చాం. ఒకటి తగ్గితే ఒకటి చేరుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చి, పాత ఫైళ్లలో 2019 నాటి నా చిత్తుప్రతి తీశాను. స్టాండర్డ్ లైబ్రరీలో అక్షరాల లెక్క చేర్చాలంటూ రాసుకున్న ప్రతిపాదన. కారణం, ఉదాహరణలు, 'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని ఆరుగా లెక్కపెట్టడం మీద కొంచెం ఎక్కువే ఆవేశం. పంపలేదు. పంపాలంటే పైథాన్‌ను తీర్చిదిద్దే కోర్ డెవలపర్లలో ఒకరు వెనక నిలబడాలి, ఎవరిని అడగాలో జంకు. ఆ తర్వాత పైథాన్ నిర్ణయాలు తీసుకునే అయిదుగురి మండలి ముందుకు వెళ్లాలి. ఇన్నాళ్లూ అది నా పిరికితనమే అనుకున్నాను.

ఇవాళ తీరిగ్గా చదివితే ఒక సంగతి తట్టింది. అందులో నేను ఆధారం చేసుకున్నది యూనికోడ్ వాళ్ల అప్పటి నియమం. దాని ప్రకారం స్త్రీ ఒకటి కాదు, మూడు: స్, త్, రీ. పొల్లు తర్వాత వచ్చే హల్లును కలిపి ఒకే అక్షరంగా చూడాలన్న నియమం, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు, 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. నా ప్రతిపాదన ఒప్పుకుని ఉంటే, ఆ ఏడాది డబ్బాలో చేరిన ఫంక్షన్ స్త్రీని మూడు అనేది. దాన్ని నమ్మి జనం ప్రోగ్రామ్‌లు రాసుకునేవారు. కొన్నేళ్ల తర్వాత పైథాన్ కొత్త నియమానికి మారగానే అదే మాటకు ఒకటి అనేది. ఎవరి గడి ఎక్కడ తెగేదో!

చిల్లర ఫైలులోది తప్పయితే నేను రాత్రికి రాత్రి దిద్దుకుంటాను, నష్టపోయేది ఒక దుకాణం. డబ్బాలోది తీయాలంటే ఎంత పని పడుతుందో ఈ నెలే చూశాం. ఎవరూ పెద్దగా వాడని పాత మాడ్యూళ్లను, అంటే డబ్బాలోని పాత పనిముట్లను, తీసేయాలని 2019లో పెప్ 594 రాశారు, దాన్ని 'చచ్చిన బ్యాటరీలు' అన్నారు. 2022లో హెచ్చరికలు మొదలయ్యాయి, మొన్న ఏడో తేదీన వచ్చిన 3.13లో గాని వాటిలో పందొమ్మిది బయటికి పోలేదు. అందులో వెబ్ పేజీలు నడపడానికి వాడే సీజీఐ కూడా ఉంది. నా మొదటి వెబ్ ప్రోగ్రామ్ దానితోనే రాశాను. తీసేయడం సబబే. అయినా పేర్ల వరుసలో చూస్తే, పాత వీధిలో తెలిసిన ఇల్లు కూల్చినట్టే అనిపించింది.

అయితే నిదానం మంచిదని ఒప్పేసుకోవడానికీ మనసు రాదు. ఇంగ్లిషులో అక్షరాలు లెక్కపెట్టడానికి ఎవరూ ఏళ్లు ఆగలేదు. ఆగింది మనమే. స్విఫ్ట్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో అక్షరం అంటే మొదటి నుంచీ మనిషి కంటికి కనిపించే అక్షరమే, ముక్క కాదు. అక్కడా యూనికోడ్‌తో పాటు లెక్క మారుతుంది, మారనీ అని ముందే అనుకుని కట్టారు. పైథాన్ కూడా ఆ మాట అనవచ్చు. ఈ వాదన నా చిత్తులో లేదు, చేర్చాను. 'స్త్రీ' ఉదాహరణ తీసేసి దాని చోట 'స్టేషన్ ఘన' పెట్టాను. చదివేవాళ్లకు తెలుగు రాకపోయినా, ఊరి పేరు సగంలో తెగిందంటే అర్థమవుతుంది. ఆవేశం కూడా కొంత కోశాను, కొంత ఉంచాను.

పంపలేదు. భద్రపరిచి మూసేశాను.

ఎనిమిదింటికి గుమాస్తా గారు ఫోటో పంపారు. స్టేషన్ ఘన్‌పూర్, రెండు వరుసల్లో, పొల్లుతో సహా. వెంటనే ఫోను కూడా చేశారు. కొత్తది బాగుందని చెప్పి, కాసేపు ఆగి అడిగారు: "పాత తక్‌పట్టీల మీద నేను పెన్నుతో దిద్దినవి చెల్లుతాయా అమ్మా?"

చెల్లుతాయండీ అన్నాను.