తెల్లటి మంచు కోసం వెళితే నీలి మడుగులు

రష్యా ఉత్తర రేవు మూర్‌మాన్స్క్‌లో అణు ఐస్‌బ్రేకర్, అంటే అణుశక్తితో మంచును చీల్చుకుంటూ పోయే ఓడ ఎక్కి బారెంట్స్ సముద్రం దాటేవరకూ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. పొగమంచు, చలిగాలి, భోజనం, నిద్ర. ఇంత డబ్బు పోసింది దీనికేనా అని దిగులు కూడా వేసింది. ఉత్తర ధ్రువం దారిలో హెలికాప్టర్ ఎక్కించాక ఆ దిగులు పోయింది.

కింద సముద్రపు మంచు పలకల నిండా కరిగిన నీళ్ళ మడుగులే. కొన్ని లేత నీలం, కొన్ని దాదాపు నలుపు. సన్నటి కాలువలతో ఒకదానిలోకి ఒకటి పారుతున్నాయి. పక్క సీటాయన "అంతా తడిగా ఉంది, ఫోటోలు బాగా రావు" అని విసుక్కుంటుంటే నాకు కోపం వచ్చింది. కళ్ళెదుటే ఆర్కిటిక్ కరుగుతుంటే ఫోటోల గొడవేమిటి?

మంచు మీద దిగాక, ఓడలో ఉపన్యాసాలిచ్చే శాస్త్రవేత్తను ఒక మడుగు ఒడ్డున పట్టుకున్నాను. "నల్లగా ఉన్నవాటి దగ్గరికి పోకండి. అడుగు పల్చబడిపోయింది. మీకు కనిపించే నలుపు సముద్రానిదే" అన్నారావిడ. తాజా హిమం తన మీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి కొడుతుందట. మడుగు కొట్టేది 20 నుంచి 40 శాతమే. మిగతాది నీళ్ళలోకి, కింది మంచులోకి దిగుతుంది. మడుగు లోతయ్యేకొద్దీ ఇంకా ఎండ పీలుస్తుంది. అంటే మడుగు కరగడానికి గుర్తు మాత్రమే కాదు, కరిగించేది కూడా అదే. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

దోసిట్లోకి తీసుకుని రుచి చూశాను. ఉప్పదనం లేదు. పైన పడ్డ హిమం కరిగిన నీళ్ళే ఎక్కువ, పైగా సముద్రం గడ్డకట్టేటప్పుడే ఉప్పు చాలావరకు బయటికి పోతుందట.

ఏళ్ళ తరబడి నిలిచే పాత మంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, నీళ్ళు గుంటల్లో ఆగుతాయి. ఇప్పుడు దాని చోట ఒక్క చలికాలంలో ఏర్పడే చదును మంచు పెరుగుతోంది. దాని మీద అవే నీళ్ళు చాలా దూరం పరుచుకుంటాయి. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహాలు కొలవడం మొదలయ్యాక అదే అత్యల్పం.

2011లో అలాస్కా, రష్యాల మధ్య ఉన్న చుక్చీ సముద్రంలో నాసా బృందానికి మంచు కింద పచ్చగా పెరిగిన వృక్షప్లవకాలు, అంటే సముద్ర జీవులకు తిండి అయ్యే మొక్కల్లాంటి సూక్ష్మజీవులు కనిపించాయి. మడుగులు కిటికీల్లా వెలుతురును కిందికి వదిలాయి. తిండి దొరకడం మంచిదే కదా అన్నాను. "తిండి ముందే వచ్చేస్తే, తినే జీవులు ఆ వేళకి అందుకోలేకపోవచ్చు" అన్నారావిడ.

ధ్రువం దగ్గర అందరిలాగే నేనూ ఫోటో దిగాను. వెళ్ళేవాళ్ళుంటే జులై ఓడ చూసుకోండి. హెలికాప్టర్‌లో కిటికీ సీటు ముందే అడిగిపెట్టుకోండి, డెక్ మీంచి ఈ మడుగులు సగం కూడా కనిపించవు.