దూరపు చుట్టం

"నాన్నా, మనం కదా దూరపు చుట్టాలం?" అంది మా అమ్మాయి.

మొన్న జూలైలో విశాఖ వెళ్లినప్పటి మాట. ఎంవీపీ కాలనీలో మా ఇంటికి ఒకాయన వచ్చారు. చేతిలో మందుల షాపు కాగితం కవరు, అందులో నాన్న నెల మాత్రలు. పొద్దునవి ఒకవైపు, రాత్రివి ఒకవైపు వేరుచేసి రబ్బరు బ్యాండ్లు వేసి తెచ్చారు. ఎవరని పిల్ల అడిగితే, "మనకి దూరపు చుట్టం తల్లీ. తాతయ్య పెదనాన్నగారి మనవడు, నీకు పెదనాన్న అవుతారు" అంది అమ్మ. ఇల్లెక్కడంటే "పక్క వీధే, కూతవేటు దూరం" అంది.

పిల్లకి ఎనిమిదేళ్లు. దూరపు చుట్టం పక్క వీధిలో ఎలా ఉంటాడో దానికి అర్థం కాలేదు. మెల్‌బోర్న్ నుంచి వచ్చింది మనం కాబట్టి దూరం మనమేనని దాని లెక్క.

చుట్టరికంలో దూరం వేరు, దారిలో దూరం వేరు అని చెప్పబోయాను. నోట మాట రాలేదు. ఫిబ్రవరిలో నాన్న బాత్‌రూంలో జారిపడిన రాత్రి, అమ్మ మేడ మీంచి కేకేస్తే లుంగీతోనే పరిగెత్తుకొచ్చింది ఈయన. ఆసుపత్రిలో మూడు రాత్రులు బల్ల మీద పడుకున్నదీ ఈయనే. కన్నకొడుకుని, నేను ఫోన్లో చూస్తూ కూర్చున్నాను.

కూతవేటు అంటే పిలిస్తే వినపడేంత. ఆ మాట పిల్లకి నేనెప్పుడూ చెప్పలేదు. దూరం అన్న ఒక్క మాట నేర్పి ఊరుకున్నాను. ఆ సెలవుల్లో కూర్చోబెట్టి మిగతావి చెప్పాను. క్రోసు సుమారు రెండు మైళ్లు, నాలుగు క్రోసులు ఒక ఆమడ, ఇక్కడి నుంచి భీమిలి దాదాపు రెండామడలు. దానికి మాత్రం 'అల్లంత దూరం' నచ్చింది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో, హార్బర్‌లోకి వెళ్లడానికి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు కనిపిస్తే, అమ్మ చెయ్యి చాచి "అల్లంత దూరాన, చూడు" అంది. చెయ్యి చాచకుండా ఆ మాట రాదు. ఫోన్లో నేర్పగలిగే మాట కాదది.

ఇంట్లో తెలుగే మాట్లాడండి, పిల్లలకి ఊరు దూరం కాదు అని తోటి తల్లిదండ్రులకి చెబుతుంటాను. నిజమనే నమ్మాను. కానీ అమ్మ బెంగపడితే "ఎంత దూరమమ్మా, ఒక్క రోజు ప్రయాణం" అంటాను. పండక్కి రమ్మంటే "అంత దూరం ఊరికే రాగలమా" అంటాను. పిల్ల రెండూ వింటుంది. తెలుగు వచ్చు కాబట్టి రెండూ అర్థమవుతాయి. మరి నేను దానికి నేర్పుతున్నది ఏమిటో నాకే తెలియడం లేదు.

ఒక్క అర్థం మాత్రం కావాలనే దాచాను. పోయినవాళ్లని దూరమయ్యారు అంటాం. నాన్నకి 76 ఏళ్లు.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే వెనకాల ఆయన గొంతు వినిపించింది. పిల్ల నా చేతిలోంచి ఫోన్ లాక్కుని "దగ్గర పెదనాన్నా!" అని కేకేసింది. అమ్మ సరిదిద్దలేదు, నేనూ సరిదిద్దలేదు.

ఆయన ఫోన్ తీసుకుని "బీపీ బాగానే ఉంది తమ్ముడూ, టెన్షన్ పడకు" అన్నారు. ఇన్నేళ్లూ ఆయనతో 'అండీ' అనే మాట్లాడాను.

"అలాగే అన్నయ్యా" అన్నాను.