ఆరు పెన్నీల భయం

లండన్‌లో మా అన్నయ్య కూతురి దగ్గర పది రోజులున్నాను. వెళ్లిన మూడో రోజే "బాబాయ్, మేడమ్ టుస్సాడ్స్‌కి టికెట్లు తీశాను. శనివారం మధ్యాహ్నం రెండింటికి" అంది. నాకు మైనపు బొమ్మలంటే అంత మోజు లేదు. పొద్దున సెసిల్ కోర్ట్‌కి తీసుకెళ్తేనే వస్తానని మెలిక పెట్టాను. అదో ఇరుకు సందు, అటూ ఇటూ పాత పుస్తకాల కొట్లు.

ఒక కొట్లో పాత బొమ్మలు తిరగేస్తుంటే 1849 నాటి 'పంచ్' అనే ఇంగ్లిష్ హాస్య పత్రిక పేజీ చేతికొచ్చింది. గీసింది రిచర్డ్ డోయల్. విషయం ఏమిటంటే, సరిగ్గా మేము వెళ్లబోతున్న మేడమ్ టుస్సాడ్ ప్రదర్శన, అందులోనూ భయానకాల గది! కింద శీర్షిక కావాలని పాతకాలపు స్పెల్లింగులతో ఉంది, మనవాళ్లు వెటకారానికి గ్రాంథికం మాట్లాడినట్టు. నీడల్లేవు, ఒట్టి గీతలే. గుడ్లు మిటకరించిన బుల్లి మనుషులు కిక్కిరిసి ఉన్నారు. ఎంతసేపు చూసినా డోయల్ వెక్కిరించింది బొమ్మల్ని కాదు, జనాన్నే అనిపించింది.

అప్పట్లో ప్రవేశం ఒక షిల్లింగ్. హంతకుల బొమ్మలున్న ఆ గదికి మాత్రం ఇంకో ఆరు పెన్నీలు, అంటే మరో సగం. భయపడటానికి అదనపు టికెట్టన్నమాట!

"బాబాయ్, టైమవుతోంది" అని పిల్ల టెన్షన్ పడుతున్నా వినకుండా ఆ పేజీ కొనేశాను. బేకర్ స్ట్రీట్‌లో దిగాక ముందు ఆ వీధిలోనే కాసేపు నడిపించాను. 1802లో ఇంగ్లండ్ వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఊరూరా బొమ్మలు మోసుకు తిరిగిన మేరీ టుస్సాడ్ 1835లో స్థిరపడింది ఇక్కడి బజారులోనే. పైన మైనపు రాజులు, డిసెంబరు వచ్చిందంటే కింద బలిసిన పశువుల పోటీ. ఆ వాసన మెట్లెక్కి పైకి రాకుండా ఉంటుందా! ఇప్పుడక్కడ అన్నీ ఆఫీసులే. ప్రదర్శన 1884లోనే మారిలబోన్ రోడ్డుకి మారిపోయింది.

లోపల తోపులాట, సెల్ఫీలు. "మన ప్రభాస్‌ని బ్యాంకాక్‌లో పెట్టారు, ఇక్కడ పెట్టుంటే బావుండేది" అని మా అమ్మాయి గొణిగింది. నేను మాత్రం నిద్రపోతున్న సుందరి దగ్గర ఆగిపోయాను. లోపలున్న యంత్రం వల్ల ఆమె ఛాతీ నెమ్మదిగా లేచి పడుతూంటుంది. అది చూస్తూ నాకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడాను.

ఇంటికొచ్చాక ఆ పేజీకి ఫ్రేమ్ కట్టించాను. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇంతకీ ఇందులో మైనపు బొమ్మలేవండీ?" అంది.

ధీమాగా ఒకదాని మీద వేలు పెట్టాను. దగ్గరికెళ్లి చూస్తే, అతగాడూ టికెట్టు కొనుక్కుని వచ్చినవాడే.