రెండు చుక్కల కోసం మూడు రాత్రులు

రాడార్ సంకేతాలు నేను తయారుచేసినవే, వాటిలో రొద కలిపిందీ నేనే. లక్ష్యాలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. అయినా నా ప్రోగ్రాం వాటిని పట్టుకోదు! ఒకదాన్ని తీసేస్తే మాత్రం రెండోది ఠక్కున కనిపిస్తుంది.

తప్పు సగటుదని ఆలస్యంగా అర్థమైంది. సంకేతాన్ని దూరాన్ని బట్టి గడులుగా విడగొట్టి, ప్రతి గడికీ చుట్టుపక్కల గడుల సగటు బలాన్ని బట్టి గడప కడతాం; దాన్ని దాటిందే లక్ష్యం. పక్కనే మరో లక్ష్యం ఉంటే సగటుతోపాటు గడపా పెరిగి, రెండూ దాని కిందే నక్కుతాయి. హనుమకొండ చౌరస్తాలో పక్కపక్క దుకాణాల మైకుల్లా, ఒకదాన్ని ఒకటి మింగేస్తాయి.

దీనికి మందు రాడార్ ఇంజనీరు రోలింగ్ 1983లోనే చెప్పాడు, నేనే చదవలేదు. సగటు వదిలేసి విలువలను చిన్నదాని నుంచి వరసగా పేర్చి, ఒక స్థానంలో ఉన్నదాన్ని తీసుకోవాలి. 32 గడుల్లో 24వది తీసుకున్నాను. పక్క లక్ష్యం వరస చివరకు పోయింది, గడప మీద దాని పెత్తనం పోయింది.

రాత్రి రెండింటికి రెండు చుక్కలూ వెలిగాయి. నా కేకకు అమ్మ లేచొచ్చి, తెర కేసి కళ్లు చికిలించి, "ఏవి నాన్నా? అంతా ఇసుక చల్లినట్టుంది" అంది.

ఇప్పుడు ఒకదాన్ని రెట్టింపు దూరానికి జరిపాను. తిరిగొచ్చే బలం 16వ వంతే. మళ్లీ మాయం.