పాతికేళ్ల ప్యానెల్, నలభై ఏళ్ల బాయిలర్

"సోలార్ ప్యానెల్‌ ఆయుష్షు పాతికేళ్లే, అదే బొగ్గు ప్లాంటయితే నలభై ఏళ్లు నడుస్తుంది" అనే వాదన వింటే నాకు చిరాకేస్తుంది. ప్యానెల్‌కి చెప్పే ఆ పాతికేళ్లు వారంటీ గడువు. అది తీరే నాటికి కూడా మొదట్లో ఇచ్చిన కరెంటులో కనీసం 80 శాతం ఇస్తుందని కంపెనీ రాసిస్తుంది, ఎందుకంటే మంచి ప్యానెల్ ఏడాదికి తగ్గేది దాదాపు అర శాతమే. స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 1982లో గ్రిడ్‌కి కలిపిన ప్యానెళ్లలో ఎక్కువ భాగం 35 ఏళ్ల తర్వాత కూడా బాగానే పనిచేశాయి. ముందు పోయేది ఇన్వర్టర్ (ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటుని మనం వాడే ఏసీగా మార్చే పరికరం), దాన్ని 10–15 ఏళ్లకోసారి మార్చుకోవాలి. గాలిమరలకి మాత్రం నిజంగానే 20–25 ఏళ్లే, గేర్‌బాక్స్ అయితే అంతకన్నా ముందే మొరాయిస్తుంది.

బొగ్గు ప్లాంటు నలభై ఏళ్లూ ఊరికే నడవదు. బాయిలర్ ట్యూబుకి సూదిబెజ్జమంత కన్నం పడిందంటే చాలు, అందులోంచి చిమ్మే ఆవిరి పక్క ట్యూబుల్ని కూడా కోసేస్తుంది, ఇక ఆ బాయిలర్‌తో నడిచే యూనిట్ (ప్లాంటులో ఒక బాయిలర్-టర్బైన్ జత) మొత్తం ఆపి, లోపలికి మనిషి దిగగలిగేంత చల్లారేదాకా ఆగి, వెల్డింగ్ చేసి, మళ్లీ మెల్లగా వేడెక్కించాలి. రోజులు పడుతుంది. 500 మెగావాట్ల యూనిట్ అయితే ఆ ఒక్క కన్నంతో అంతా ఒక్కసారిగా పోతుంది. సోలార్ ప్లాంటులో ఒక ఇన్వర్టర్ పోతే దాని వంతు మాత్రమే పోతుంది.

పెద్ద ప్లాంట్లు ఎప్పుడూ ఆదుకుంటాయనీ లేదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్ గడ్డకట్టినప్పుడు అన్ని రకాల ప్లాంట్లూ దెబ్బతిన్నాయి కానీ ఎక్కువగా చేతులెత్తేసింది గ్యాసే. 2022 వేసవి చివర్లో ఫ్రాన్స్‌లో 56 అణు రియాక్టర్లలో సగానికి పైగా ఆగి ఉన్నాయి, కొన్ని మెయింటెనెన్స్‌కి, కొన్ని పైపుల్లో పగుళ్ల వల్ల.

అలాగని సోలార్, గాలిమరల వైపు లోటు లేదనను. సాయంత్రం డిమాండ్ పెరిగే వేళకే ఎండ పోతుంది, చలికాలంలో రోజుల తరబడి గాలి వీయకపోతే నాలుగు గంటలు మాత్రమే కరెంటివ్వగల బ్యాటరీలు ఏ మూలకీ చాలవు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. సోలార్ పెరిగేకొద్దీ బొగ్గు యూనిట్లని మధ్యాహ్నం తగ్గించి సాయంత్రం పెంచుతున్నారు. నిలకడగా నడవడానికి కట్టిన బాయిలర్లవి, రోజూ వేడెక్కి చల్లారుతుంటే లోహం అలసిపోయి పగుళ్లిస్తుంది. కాబట్టి పాత యూనిట్ల కాగితం మీది ఆయుష్షుని నమ్ముకుని స్టోరేజీని (కరెంటు నిల్వ చేసే ఏర్పాటుని) వాయిదా వేయడం చాలా ప్రమాదం. సోలార్‌కి టెండర్ పిలిచేటప్పుడే దాంతోపాటు స్టోరేజీ కూడా అడగాలి, సాయంత్రానికి వేరే ఆధారం దొరికేదాకా ఉత్పత్తిని త్వరగా పెంచి, తగ్గించగలిగే యూనిట్లని మూసేయకూడదు.